బెల్లం కాదు, బంగారం

బంగారమంటే మెడలో ఉండేది, లేకపోతే షావుకారు పెట్టెలో ఉండేది అని లోకమంతా అనుకుంటుంది. గోదావరికి అటూ ఇటూ ఉన్న పల్లెల్లో సమ్మక్క పేరు తలచుకుని ఆ మాట అంటే మాత్రం అది బెల్లం. జాతరలో తల్లి గద్దె మీద పోసే బెల్లాన్ని ఎవరైనా నోరు జారి బెల్లం అన్నారో, పక్కనున్న ముసలమ్మలు చెంపలు వాయించినంత పని చేస్తారు. మొక్కుకున్నవాళ్లు మనిషి ఎత్తు తూచి ఇస్తారు, దాన్ని ఎత్తు బంగారం అంటారు. వస్తూ వస్తూ కొంత తెచ్చి వాడకట్టంతా పంచుతారు. కొట్లో ఉన్నంతసేపు బెల్లం, గద్దెకు తగిలాక బంగారం. ఇందులో నవ్వాల్సిందేమీ లేదు, నమ్మకం ఉన్నచోట పేర్లు మారుతాయి. పేరు మారినంత మాత్రాన లోపలికి పోయాక అది చేసే పని మారదని పోచవ్వకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాడు ఆమె కడుపునే పుట్టాడు.

పోచవ్వది జమ్మికుంట దగ్గర పల్లె. మొగుడు పోయాక, బొగ్గుబాయిలో పని దొరికిన కొడుకు రాజం వెంట బెల్లంపల్లికి వచ్చి కంపెనీ క్వార్టర్లో కుదురుకుంది. నోరు పెద్దది. కోడలు బాలలక్ష్మి బిందె దించితే చప్పుడైందనేది, చప్పుడు కాకపోతే నిండా తేలేదనేది. రాజం దీనికి పూర్తిగా తిరగేసిన మనిషి. అతను గొంతెత్తగా విన్నవాళ్లు లేరు. తాగి రాడు, చెయ్యి చేసుకోడు, సంతరోజు ఆకులో చుట్టి పూలు తెస్తాడు. "నీ పెనిమిటి అసొంటోడు దొరకాలంటె రాసిపెట్టి ఉండాలె" అని క్వార్టర్ల వరుసలోని ఆడవాళ్లు కుళ్లుకునేవాళ్లు. బాలలక్ష్మి కూడా అదే అనుకునేది. అత్త వేపాకు, మొగుడు చెరుకుగడ అని మనసులో లెక్క వేసుకుని బతుకుతుండేది.

ఆ ఇంట్లో ఒక బిడ్డ పుట్టి పోయాడు. ఆ బిడ్డ కడుపులో ఉండగా వచ్చిన జాతర నాటికి బాలలక్ష్మికి ఐదో నెల. కోడలి కడుపు చల్లగా ఉండాలని పోచవ్వ ఎత్తు బంగారం మొక్కుకుంది. మేడారానికి బండి కట్టిద్దామంటే, పచ్చి మంచినీళ్లు తాగినా వాంతయ్యే బాలలక్ష్మి, అంత దూరం కూర్చోలేనని, బిడ్డ పుట్టాక అందరం కలిసి పోదామని అత్త కాళ్లావేళ్లా పడింది. మొక్కు ఆగిపోయింది. తొలకరిలో నొప్పులు వచ్చాయి. ఇంట్లోనే మంత్రసాని చేతుల్లో పగలంతా నలిగింది. తల బయటికి వచ్చిన తర్వాత బిడ్డ ఇక కదల్లేదు. మంత్రసాని ఎలాగో లాగి తీసింది. మగపిల్లవాడు. మూడు నెలల పిల్లవాడిలా ఉన్నాడని చూసినవాళ్లంతా అన్నారు. కుడి చెయ్యి వేలాడిపోయింది. ఏడవనే లేదు. నెత్తురు ఆగక బాలలక్ష్మిని ఆస్పత్రిలో వేశారు. అక్కడి డాక్టరుతో ఏం మాట్లాడినా రాజమే మాట్లాడాడు.

"మొక్కు ఆపినవ్, తల్లి తన సొమ్ము తాను తీస్కపోయింది" అని పోచవ్వ ఒకే ఒక్కసారి అంది. ఒక్కసారి చాలు. తర్వాత ఆ మాట బాలలక్ష్మే తనకు తాను రోజూ చెప్పుకుంది, బియ్యం ఏరుతూ, బట్టలు ఉతుకుతూ, ఎవరి పిల్లవాడినైనా ఎత్తుకోబోయి చేతులు వెనక్కి తీసుకుంటూ. ఆమె ఏడిస్తే రాజం పక్కన కూర్చుని తల నిమిరేవాడు. "ఊకో లచ్చీ, ఐందేదో ఐంది, పరేషాన్ గాకు" అనేవాడు. తప్పు నీదని అతను ఒక్కనాడూ అనలేదు. అందుకే బాలలక్ష్మికి అతని మీద ప్రాణం. తప్పు నీది కాదని కూడా అతను ఒక్కనాడూ అనలేదు. ఈ రెండింటికీ ఉన్న తేడా ఆమెకు అప్పుడు తోచలేదు.

తర్వాతి జాతరకు పోచవ్వ ఎవరినీ అడగలేదు. తన పల్లె ఆడవాళ్లతో కలిసి పోయి, కోడలి ఎత్తు బంగారం గద్దె మీద పెట్టి, తప్పు కాయమని కొంగు పరిచి, అందులో సగానికి సగం మోసుకొచ్చి కుండలకెత్తింది. ఆ వచ్చిన నెలలోనే బాలలక్ష్మి నెల తప్పింది. ఇక పోచవ్వను పట్టేదెవరు? తల్లి కరుణించింది, బిడ్డ పుట్టేదాకా రోజూ తల్లి ప్రసాదం తినిపిస్తానని కొత్త మొక్కు మొక్కుకుంది. పొద్దున జొన్నరొట్టెలో ఒక పిడికెడు, సాయంత్రం నువ్వులతో కలిపి మరో పిడికెడు. కోడలి నోట్లో తనే పెట్టేది. నోరు పెద్దదైనా చెయ్యి మంచిది పోచవ్వది. మాటకు మాట తిట్టే ఆ ముసలిదాని మొహంలో ముద్ద పెట్టేటప్పుడు ఎక్కడలేని మెత్తదనం కనిపించేది. బాలలక్ష్మికి అత్త మీద ఇష్టం కలిగింది కూడా ఆ ముద్దల దగ్గరే.

కడుపు త్వరత్వరగా పెరిగింది. ఆరో నెలలోనే తొమ్మిదో నెల అనుకునేవాళ్లు. "ఇద్దరున్నరేమో సూడుండ్రి" అని వాడకట్టు వాళ్లంటే పోచవ్వ దిష్టి తీసేది. దాహం ఆగేది కాదు, బిందెలు ఖాళీ అయ్యేవి, మాటిమాటికి గోడ వెనక్కి పోవలసి వచ్చేది. అక్కడ చీమలు బారులు కట్టేవి. "ఇంట్ల బంగారం రాశి ఉన్నంక చీమలు రాకుంటె ఏనుగులొస్తయా?" అని పోచవ్వ కొట్టిపారేసేది.

బతుకమ్మ పండుగకు ముందు కంపెనీ ఆస్పత్రికి ఒక లేడీ డాక్టరు వచ్చింది. పేరు తారాబాయి, నాగపూరు వైపు మనిషి. హిందీ, మరాఠీ తప్ప తెలుగు ముక్క రాదు. ఆడడాక్టరు వచ్చిందని తెలిసి కార్మికుల ఇళ్ల నుంచి ఆడవాళ్లు కట్టకట్టుకుని పోతుంటే, పోచవ్వే కొడుకును పొమ్మని తరిమింది. రాజం ముందు నాన్చి చూశాడు, తప్పక తీసుకుపోయాడు. బాయిలో రకరకాల మనుషుల మధ్య పనిచేసేవాడు కాబట్టి అతనికి హిందీ బాగా వచ్చు.

డాక్టరమ్మ కడుపును కొలిచింది, చేతులతో అదిమి చూసింది. బాలలక్ష్మి మూత్రం కొంచెం గాజుగొట్టంలోని నీలంరంగు నీళ్లలో పోసి స్పిరిటు దీపం మీద వేడి చేసింది. చూస్తుండగానే నీలం పచ్చగా మారింది, పచ్చ పసుపై, పసుపు ఇటుకరంగై కూర్చుంది. బాలలక్ష్మికి అది గారడీలా తోచి నవ్వు వచ్చింది. డాక్టరమ్మ నవ్వలేదు. రాజం వైపు తిరిగి మాట్లాడటం మొదలుపెట్టింది. చాలాసేపు మాట్లాడింది. ఒకసారి తన భుజం మీద చెయ్యి వేసుకుని చూపించింది. ఒకసారి ఏదో అడిగింది, రాజం నేల చూస్తూ జవాబు చెప్పాడు. షక్కర్ అన్న మాట, పైలా బచ్చా అన్న మాట బాలలక్ష్మి చెవిన పడ్డాయి. చివరికి డాక్టరమ్మ బాలలక్ష్మికి వేలు చూపించి, "గుడ్ బంద్!" అంది. హిందీలో గుడ్ అంటే బెల్లం. మళ్లీ తనే నవ్వి, "బెల్లంపల్లీ మే బెల్లం బంద్" అంది. ఆ ఒక్క తెలుగు మాట అప్పుడే నేర్చుకున్నట్టుంది.

బయటికి వచ్చాక బాలలక్ష్మి అడిగింది: "ఏమన్నది?"

"బెల్లం తినద్దన్నది."

"గంతసేపు చెప్పింది, గింతేనా?"

"గింతే. ఆళ్ల భాషల మాటలు పొడుగుంటయ్ లే. మిగతదంత మంచిగనే ఉందన్నది, ఫికర్ చెయ్యకు" అన్నాడు రాజం. బాటలో ఆగి సీతాఫలాలు కొన్నాడు.

"పైలా బచ్చా అన్నదేంది?"

"ఎందరు పిల్లలని అడిగింది."

ఆ సాయంత్రం పోచవ్వ ఎప్పటిలాగే ముద్ద తెచ్చింది. బాలలక్ష్మి నోరు తెరవబోయి ఆగింది.

"అత్తా, డాక్టరమ్మ బెల్లం బంద్ చెయ్యమన్నది."

"చెయ్యి. చాయల మానెయ్యి. గిది బెల్లమా? తల్లి బంగారం. దీన్ని వద్దంటె మల్ల మొదటిలెక్కనే ఐతది" అంది పోచవ్వ. అన్నదే కానీ ఆమెకూ మనసులో ఎక్కడో గుచ్చుకుంది. కొడుకు వైపు తిరిగింది. "ఏం రా, నువ్వు ఇన్నవు గద. దీంతోనేమన్న ఐతదా?"

రాజం చెప్పులు విడుస్తున్నాడు. వాళ్లిద్దరూ అతని మొహం వైపే చూస్తున్నారు. బాలలక్ష్మికి ఆ తర్వాత ఎన్నేళ్లకైనా మరపురానిది ఆ క్షణమే. అతను ఒక చెప్పు విడిచాడు, రెండోది విడిచాడు, రెంటినీ జోడించి గోడవారగా పెట్టాడు.

"ఏం గాదు. బెల్లం వేరు, బంగారం వేరు" అన్నాడు. "తిను లచ్చీ."

ఆమె తింది.

ఆ రోజు నుంచి బాలలక్ష్మి బెల్లం ముట్టలేదు. ఇది ఏడవాలో నవ్వాలో తెలియని సంగతి కానీ నిజం. చాయ చప్పగా తాగింది. బతుకమ్మ ఆడి వచ్చినవాళ్లు రొట్టెలో బెల్లం కలిపిన మలీద ముద్దలు చేతిలో పెడితే, నోరూరుతున్నా, "డాక్టరమ్మ బెల్లం వద్దన్నది" అని పక్కవాళ్ల పిల్లలకు ఇచ్చేసింది. ఈసారి ఏ తప్పూ జరగకూడదు. తల్లి మాట పోకూడదు, డాక్టరు మాటా పోకూడదు. ఇద్దరి మాటా నిలబెడుతున్నానని మురిసిపోతూ ఇంటికి వచ్చి, అత్త పెట్టిన పిడికెడు బంగారం కళ్లకద్దుకుని తినేది.

దీపావళి దాటాక ఆమెకు కాళ్లు వాచాయి. మొహం ఉబ్బింది. పడుకుంటే ఊపిరాడేది కాదు, లేస్తే నడుం విరిగినట్టుండేది. మళ్లీ దవాఖానకు పోదామంటే రాజం, "నెలలు నిండుతున్నయ్, గట్లనే ఉంటది" అన్నాడు. ఒకరోజు పొద్దున అతను బాయికి పోయాక పోచవ్వ కోడలి పాదం మీద వేలితో నొక్కి చూసింది. గుంట పడి అలాగే ఉండిపోయింది. ముసలిది చప్పున లేచి నిలబడింది.

"నడువ్. ఆడు లేకుంటె మనకు కాళ్లు లేవా?" అంది. ఊరికే పోకూడదని ఇంత బంగారం కొంగున ముడి వేసుకుంది, డాక్టరమ్మకు తల్లి ప్రసాదం ఇద్దామని.

నెలన్నర తిరిగేసరికి తారాబాయి డాక్టరమ్మకు ఎలాగోలా తెలుగు పట్టుబడింది. హిందీ మరాఠీలు కలిసిన కలగూరగంప తెలుగు, కానీ అర్థమవుతోంది. బాలలక్ష్మిని చూడగానే ఆమె మొహం మాడిపోయింది. మళ్లీ గాజుగొట్టం, మళ్లీ దీపం. ఈసారి నీలం ఎక్కువసేపు ఆగలేదు. గబుక్కున ఎర్రబడింది.

"బెల్లం తిన్నవ్" అంది డాక్టరమ్మ.

"లేదమ్మా. ఒట్టు. నా కడుపుల ఉన్న బిడ్డ మీద ఒట్టు, బెల్లం ముట్టలే" అంది బాలలక్ష్మి. ఆ మాటలో రవ్వంత అబద్ధం లేదు.

"ఝూట్! గింత షక్కర్ ఎట్ల?"

కోడలిని అబద్ధాలకోరు అన్నందుకు పోచవ్వకు రోషం వచ్చింది. ఎంత తిట్టినా తను తిట్టాలి గానీ ఇంకొకరు తిడితే ఊరుకుంటుందా? "గది బెల్లమెందుకు తింటది డాక్టరమ్మా? పండుగనాడు మలీద గూడ ముట్టలే. నా కోడలు బంగారం తింటది, బంగారం!" అని కొంగు ముడి విప్పి, ఆ ముద్దను డాక్టరమ్మ చేతిలో పెట్టింది. "తల్లి ప్రసాదం. నువ్వు గూడ నోట్లె ఏస్కో, సల్లగుంటవ్."

డాక్టరమ్మ దాన్ని వెలుతురుకు పట్టి చూసింది, వాసన చూసింది, చివరకు కొస నాలుకకు తగిలించుకుంది.

"మౌశీ" అంది నెమ్మదిగా. మరాఠీలో పిన్నిని అలా అంటారు. "గిది బెల్లం."

"అట్లనద్దు బిడ్డా, కండ్లు పోతయ్."

"రోజు తింటదా? ఎంత?"

పోచవ్వ పిడికిలి బిగించి చూపించింది. పొద్దున ఒకటి అంది, మాపున ఒకటి అంది. అంటుండగానే డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది.

తర్వాత డాక్టరమ్మ చెప్పింది. ముక్కలు ముక్కలుగా, తెలుగు అందకపోతే చేతులతో చెప్పింది. బాలలక్ష్మికి కడుపుతో ఉన్నప్పుడు వచ్చే చక్కెర జబ్బు ఉంది. తల్లి నెత్తుట్లో చక్కెర ఎక్కువైతే అది బిడ్డకు పోతుంది. బిడ్డ బలిసిపోతాడు. బలుపు చూసి జనం మురుస్తారు, కానీ తల వచ్చాక భుజాలు ఇరుక్కుంటాయి. బిడ్డకు ఊపిరి అందదు, చెయ్యి చచ్చుబడుతుంది, తల్లికి చీలికలై నెత్తురు ఆగదు. ఇంట్లో కాన్పు చేయకూడదు. నెల ముందే వచ్చి ఆస్పత్రిలో ఉండాలి. "పైలా బచ్చా, మొదటి బిడ్డ, గట్లనే పోయింది" అంది తన భుజం మీద చెయ్యి వేసుకుని. "భుజం ఇరికింది. ఇంకేం లేదు."

"తల్లి కోపం..." అంది బాలలక్ష్మి.

"దేవికి ఏం కోపం? షక్కర్."

"మాకెవ్వలు చెప్పలే డాక్టరమ్మా."

తారాబాయి ఆమె వైపు వింతగా చూసింది. "నీ మర్ద్ కు చెప్పిన. అంత చెప్పిన. మొదటి డాక్టర్ సాబ్ గూడ చెప్పిండంట, గప్పుడే. నీ మర్దే చెప్పిండు నాకు, భుజం సంగతి, గా డాక్టర్ చెప్పిన సంగతి. ఆయనకు అన్ని ఎర్క."

బాలలక్ష్మి గోడవారగా వేసిన బల్ల మీద కూర్చుంది. ఏడుపు రాలేదు. మొదట ఆమెకు వచ్చిన ఆలోచన చాలా చిన్నది. ఇన్ని రోజులు ఎవరి పిల్లలనూ ఎత్తుకోలేదే అనుకుంది. ఎత్తుకుని ఉండవచ్చు. తన చేతులకు ఏ పాపమూ లేదు. ఒక్క మాట, తల నిమురుతూ నిమురుతూ ఒకే ఒక్క మాట అతను అని ఉంటే ఎత్తుకునేది. ఆ నిమిరిన చెయ్యి గుర్తుకు వచ్చి ఆమెకు ఒళ్లంతా కంపరమెత్తింది. తిట్టే అత్తను చూసి భయపడింది, తియ్యగా ఉన్నవాడికి తల అప్పగించింది. నమ్మించి గొంతు కోయడం అంటే ఏమిటో వినడమే తప్ప ఆమె ఎరగదు. ఇప్పుడు తెలిసింది, అది కోసేటప్పుడు నొప్పి కూడా తెలియదని.

పోచవ్వ నేల మీద చతికిలబడి తన రెండు చేతులను చూసుకుంటోంది. "నా చేతులతోని పెట్టిన బిడ్డా" అంది. "నీ నోట్లె నా చేతులతోని పెట్టిన." తలబాదుకోబోతే బాలలక్ష్మి ఆ చేతులు పట్టుకుంది.

డాక్టరమ్మ బాలలక్ష్మిని ఇంటికి పంపలేదు. మధ్యాహ్నం షిఫ్టు దిగి, ఇల్లు తాళం చూసి, రాజం ఆస్పత్రికి పరుగెత్తుకొచ్చాడు. కళ్ల చుట్టూ బొగ్గు ఇంకా పోలేదు. గుమ్మంలోనే తల్లి ఎదురైంది.

"నీకు ఎర్కేనా రా?"

రాజం బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు.

"ఇసం పెట్టేటోళ్లు గూడ తెలిసి పెడ్తరు. నేను తెల్వక పెట్టిన. ఐతదా కొడుకా అని నిన్ను అడిగి పెట్టిన. నన్నెందుకు పెట్టనిచ్చినవ్ రా?" పోచవ్వ అరవలేదు. వరుసంతటికీ వినిపించే ఆ గొంతు ఆ రోజు మంచం దాకా కూడా సరిగ్గా రాలేదు.

రాజం మంచం దగ్గరికి వచ్చాడు. అలవాటుగా చెయ్యి ఆమె తల మీదికి పోయింది. బాలలక్ష్మి తల పక్కకు తీసుకుంది.

"చెప్పు" అంది.

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "గప్పుడు మంత్రసాని బయటికొచ్చి నాతోని అన్నది, బిడ్డ పెద్దగుంది, నాతోని కాదు, దవాఖానకు తీస్కపొమ్మని. గప్పుడు మగ డాక్టరే ఉండె. ఇజ్జత్ పోతదని జర ఆగమన్న. తర్వాత డాక్టర్ సాబ్ చెప్పిండు, ముందుగల్ల తెస్తె బతుకుతుండె అని."

"మరి నాకెందుకు చెప్పలే?"

"అవ్వ తల్లి మీద పెట్టింది. నువ్వు నీ మీద పెట్టుకున్నవ్." అతను నేల చూశాడు. "నన్నెవ్వలు అడుగలే."

"గిప్పుడు అడిగినం గద. ఇద్దరం అడిగినం. చెప్పులు ఇడుస్తుంటివి నువ్వు."

"గిప్పుడు చెప్తె గప్పటిది బయట పడ్తది. తల్లి మొక్కు ఉన్నది, ఈసారి ఏం గాదనుకున్న లచ్చీ."

దేవుడి మీద భారం వేయడం అందరూ చేసేదే. తన తప్పు తెచ్చి దేవత గద్దె మీద పెట్టి, దాని మీద పెళ్లాం ఎత్తు బెల్లం పోయించి, పైగా అది ఆమెకే తినిపించినవాడిని ఏమనాలో బాలలక్ష్మికి తెలియలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

కొన్ని రోజులాగి పెద్ద సర్జను వచ్చి ఆపరేషను చేసి బిడ్డను తీశాడు. మగపిల్లవాడే. తక్కెడలో వేస్తే ముల్లు చివరికంటా పోయిందని నర్సులు ఒకరినొకరు పిలుచుకుని వచ్చి చూశారు. గుండ్రటి మొహం, మణికట్ల దగ్గర మడతలు. రెండు చేతులూ కదులుతున్నాయి. పోచవ్వ ముందు ఆ చేతులే చూసుకుంది. కానీ కాసేపటికి అంత పెద్ద పిల్లవాడూ నీరసంగా వేలాడిపోయాడు. పాలు చప్పరించలేదు. చేతులు సన్నగా వణికాయి, పెదవులు నల్లబడ్డాయి. డాక్టరమ్మ పరుగెత్తి వచ్చి, గ్లూకోజు నీళ్లు కలిపి చుక్కలు చుక్కలుగా నోట్లో వేయించింది.

"మల్ల తీపా!" అని పోచవ్వ అడ్డం పడబోయింది.

డాక్టరమ్మ ఆమెను ఆపి చెప్పింది. కడుపులో ఉన్నన్నాళ్లు బిడ్డకు తల్లి నుంచి తీపి వస్తూనే ఉంది. బొడ్డు కోయగానే అది ఒక్కసారిగా ఆగిపోయింది. ఒళ్లు ఇంకా ఆ తీపికే అలవాటు పడి ఉంది, అందుకే కూలబడుతున్నాడు. కొంచెం కొంచెంగా ఇచ్చి నిలబెట్టాలి. నిలబడకపోతే ఫిట్స్ వస్తాయి, ప్రాణమే పోవచ్చు.

కుట్ల నొప్పితో పడుకుని ఆ మాటలు విన్న బాలలక్ష్మికి అప్పుడు ఏడుపు వచ్చింది. బిడ్డ పరిస్థితి ఆ గదిలో ఎవరికన్నా తనకే బాగా తెలుసు. అలవాటైన తీపి ఒక్క కోతతో పోతే మనిషి ఎలా వణుకుతాడో తెలుసు. వాడికైతే గ్లూకోజు నీళ్లున్నాయి. "తాగు బిడ్డా" అంది పక్కకు చెయ్యి చాపి, వాడి అరచేతిలో వేలు పెట్టి. "నేనుండంగ నీకేం గాదు, తాగు." ఆ తర్వాత రోజుల్లో గంట గంటకూ ఆ మాటే అంది. పోచవ్వ తిండి మాని మంచం కోడు పట్టుకుని కూర్చుంది. చివరకు ఒక పొద్దున వాడు తల్లి రొమ్ము పట్టి గట్టిగా లాగాడు, తర్వాత ఆస్పత్రి అదిరేట్టు ఏడ్చాడు. వాడి నోరు అచ్చం పోచవ్వ నోరేనని నర్సులు నవ్వారు.

రాజం రోజూ క్యారియరులో అన్నం తెచ్చేవాడు. తెచ్చి గుమ్మం దగ్గర నిలబడేవాడు. బిడ్డను చూసి ఒకసారి, "బంగారం లెక్కున్నడు" అన్నాడు.

"ఆ మాట నీ నోట రావద్దు" అంది బాలలక్ష్మి. పోచవ్వ కొడుకు వైపు చూడకుండా క్యారియరు అందుకుంది. వచ్చే జాతరకు మనవడి ఎత్తు గద్దె మీదే పోసి వస్తానని, పిసరంత కూడా వెనక్కి తేనని ఆమె అప్పటికే ఒట్టు పెట్టుకుంది.

ఇంటికి పంపే రోజున డాక్టరమ్మ అలవాటు కొద్దీ రాజం వైపు తిరిగి హిందీలో మొదలుపెట్టింది. అతను ముందుకు వచ్చాడు.

"నాతోని చెప్పు డాక్టరమ్మా" అంది బాలలక్ష్మి మంచం మీంచి లేస్తూ. "నువ్వు తెలుగుల చెప్పు. ఎంతసేపైనా మంచిదే, తెలువకుంటె మల్ల మల్ల అడుగుత. ఆయన బయట నిలబడ్తడు."

రాజం తల్లి వైపు చూశాడు. పోచవ్వ మూట కట్టుకుంటోంది. అతను వరండాలోకి పోయాడు.

డాక్టరమ్మ చాలాసేపు చెప్పింది. ఈ జబ్బు ఇప్పుడు తగ్గినా ముందు ముందు మళ్లీ రావచ్చని, ఏడాదికోసారైనా వచ్చి చూపించుకోవాలని చెప్పింది. కోసిన కడుపు కాబట్టి తొందరగా ఇంకో కాన్పు వద్దని, ఒకవేళ నెల తప్పితే మొదటి నెలలోనే తన దగ్గరికి రావాలని, అసలే వద్దనుకుంటే దానికీ దారి ఉందని, అది నీ ఇష్టమని చెప్పింది. బాలలక్ష్మి ప్రతి మాటా రెండుసార్లు అడిగి తెలుసుకుంది. తర్వాత బిడ్డను భుజానికెత్తుకుని బయటికి వచ్చింది. వాడి బరువుకు కుట్లు లాగుతున్నాయి, అయినా ఎవరికీ ఇవ్వలేదు.

రాజం ఎదురువచ్చాడు. లోపల అంతసేపు ఏమి మాట్లాడారోనని అతని మొహం పీక్కుపోయి ఉంది.

"ఏమన్నది?"

బాలలక్ష్మి బిడ్డ తల మీద కొంగు సరిచేసింది.

"బెల్లం తినద్దన్నది."

"గంతసేపు చెప్పింది, గింతేనా?"

"గింతే" అని, ఆమె అత్త చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.